అంగడి మీద ఆజ్ఞ: పంజాబు తిరుగుబాటులో దుకాణాలపై, సామాన్యులపై దాడులు (1981–1993)

1981 సెప్టెంబరు 20న అమృత్‌సర్ జిల్లా మెహతా చౌక్‌లో జర్నైల్ సింగ్ భింద్రన్‌వాలేను పోలీసులు అరెస్టు చేశారు. అంతకు పదకొండు రోజుల ముందు జరిగిన పత్రికాధిపతి లాలా జగత్ నారాయణ్ హత్య ఆ అరెస్టుకు కారణం. అరెస్టు తరువాత అక్కడ చెలరేగిన ఘర్షణలో పోలీసు కాల్పులకు పలువురు మరణించారు. అదే రోజు జలంధర్ బజారులోకి మోటారు సైకిలుపై వచ్చిన సాయుధులు జనం మీద కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు, పన్నెండు మంది గాయపడ్డారు. మరునాడు తరన్‌తారన్‌లోనూ అదే తీరున కాల్పులు జరిగి ఒకరు ప్రాణం కోల్పోయారు. మరణించినవారికి జగత్ నారాయణ్ హత్యతోగాని, భింద్రన్‌వాలే అరెస్టుతోగాని ఏ సంబంధమూ లేదు. ఆ వేళకు బజారులో ఉండడం ఒక్కటే వారు చేసినది.

పంజాబు తిరుగుబాటు చరిత్ర సాధారణంగా 1984 జూన్ నాటి స్వర్ణ దేవాలయ సైనిక చర్య చుట్టూ, ఆ సంవత్సరం అక్టోబరు 31న జరిగిన ఇందిరా గాంధీ హత్య చుట్టూ, ఆ తరువాత ఢిల్లీలో సాగిన మారణకాండ చుట్టూ అల్లుకొని ఉంటుంది. అవి ఎంత పెద్ద ఘట్టాలో చెప్పనక్కరలేదు. అయితే పన్నెండేళ్ల పాటు ఆ రాష్ట్రంలో సామాన్యుడు తిరుగుబాటును ఎదుర్కొన్న చోటు దేవాలయ ప్రాంగణం కాదు; బజారు, బస్సు, ఊరి చివర దుకాణం. ఈ చోట్ల జరిగిన హింస అంతా ఒకే రకం కాదు. బస్సు మీద దాడికీ అంగడి మీద దాడికీ లక్ష్యాలు వేరు, బాధితులు వేరు, రాజకీయ ఫలితాలు వేరు. మొదటిది రెండు మతాల వారిని విడదీయడానికి చేసినది. రెండోది, ముఖ్యంగా 1987 తరువాత, తమ వారనుకున్న ప్రజలనే పాలించడానికి చేసినది. ఈ రెంటినీ ‘ఉగ్రవాద ఘటనలు’ అనే ఒకే శీర్షిక కింద కలిపి లెక్కించడం వల్ల తిరుగుబాటు తన సొంత పల్లెల్లో ఎలా బలహీనపడిందో అర్థం కాకుండా పోతుంది.

బజారు ఎవరిది?

1981 జనాభా లెక్కల ప్రకారం పంజాబులో సిక్కులు 60 శాతానికి పైగా, హిందువులు సుమారు 37 శాతం. పల్లెల్లో సిక్కులు అధికం, పట్టణాల్లో హిందువులు అధికం. ఈ లెక్కను పైపైన చూస్తే పొలం సిక్కులదీ అంగడి హిందువులదీ అనిపిస్తుంది. తిరుగుబాటుదారుల ప్రచారంలోనూ, వారి ప్రత్యర్థుల ప్రచారంలోనూ ఈ బొమ్మే కనిపిస్తుంది. వాస్తవం ఇంత తేలికగా లేదు. వ్యాపార కులాలైన ఖత్రీలలో, అరోరాలలో హిందువులూ ఉన్నారు, సిక్కులూ ఉన్నారు. ఒకే కుటుంబంలో ఒక కొడుకును కేశధారి సిక్కుగా పెంచే ఆచారం ఈ కులాల్లో తరతరాలుగా సాగింది. రెండు మతాల మధ్య పెళ్లి సంబంధాలూ ఉండేవి. కనుక పట్టణ బజారులో ఒకే వీధిలో ఒక గల్లా వెనుక తలపాగా, పక్క గల్లా వెనుక ఉత్త తల కనిపించడం వింత కాదు.

పల్లెకూ పట్టణానికీ నడుమ మరో బంధం అప్పు. ధాన్యం మండీలో రైతు పంటను అమ్మిపెట్టేవాడు ‘ఆఢ్తియా’. తెలుగు వ్యాపార పరిభాషలోని ‘అడితి’ దీనికి తోబుట్టువు. విత్తనానికీ ఎరువుకూ ఇంట్లో పెళ్లికీ రైతు అతని దగ్గరే అప్పు చేస్తాడు. పంట వచ్చాక అతని చేతుల మీదుగానే అమ్ముతాడు. హరిత విప్లవం తొలి పదేళ్లలో ఈ బంధం ఇరువైపులా లాభించింది. ఖర్చు పెరిగి రాబడి కుంగినప్పుడు చిన్న రైతుకు అడితి వ్యాపారి అన్నదాతగా కాక అప్పులవాడిగా కనిపించసాగాడు. ఈ ఆర్థిక అసంతృప్తి తిరుగుబాటుకు ఏకైక కారణమని చెప్పడం అతివాదం. కేంద్ర రాష్ట్ర సంబంధాలు, నదీ జలాలు, చండీగఢ్ సమస్య, 1973 ఆనంద్‌పూర్ సాహిబ్ తీర్మానం చుట్టూ నడిచిన రాజకీయం, వీటన్నిటి పాలూ అందులో ఉంది. అంగడి మీద తుపాకి పేలినప్పుడు మొదట్లో పల్లెలో కొందరు మౌనంగా ఉండిపోవడానికి మాత్రం ఈ అప్పుల నేపథ్యం కొంత కారణం.

బజారులో సరుకు మీద తొలి తగాదా పొగాకుతో మొదలైంది. సిక్కు ఆచారంలో పొగాకు నిషిద్ధం. అమృత్‌సర్‌ను పవిత్ర నగరంగా ప్రకటించి అక్కడ పొగాకు అమ్మకాన్ని నిషేధించాలని 1981లో సిక్కు విద్యార్థి సంఘాలు కోరాయి. మే నెలలో ఆ కోరికకు అనుకూలంగా ఒక ఊరేగింపు, వ్యతిరేకంగా మరో ఊరేగింపు అమృత్‌సర్ వీధుల్లో నడిచాయి. రెండోదానిలో పాల్గొన్నవారు బీడీలు, సిగరెట్లు చేత పట్టుకొని నడిచారు. బీడీకట్ట ఒక జెండాగా మారిన ఈ దృశ్యం తరువాతి కాలానికి సూచిక. అప్పటికి అది ఊరేగింపుల తగాదా మాత్రమే. కోరిక ప్రభుత్వానికి నివేదించినది. ఆరేళ్ల తరువాత అదే తరహా నిషేధాలు వచ్చినప్పుడు వాటిని నేరుగా దుకాణదారుకే చెప్పారు, చెప్పింది కూడా తుపాకి గల వారు.

బస్సు: వేరు చేసే హింస

1983 అక్టోబరు 5న కపూర్తలా జిల్లా ధిల్వాన్ దగ్గర సాయుధులు ఒక బస్సును ఆపి, ప్రయాణికుల్లో హిందువులను వేరు చేసి ఆరుగురిని కాల్చి చంపారు. మరునాడే దర్బారా సింగ్ మంత్రివర్గం పడిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆరు మరణాలతో ఒక రాష్ట్ర ప్రభుత్వం కూలడం సాయుధులకు ఒక పాఠమైంది. ఆ పద్ధతి పునరావృతమైంది. 1986 జూలై 25న ముక్త్‌సర్ సమీపంలో 15 మంది, నవంబరు 30న హోశియార్‌పూర్ జిల్లా ఖుడ్డా దగ్గర ఇరవై మందికి పైగా, 1987 జూలై 6న లాల్రూ దగ్గర 38 మంది, మరునాడు హర్యానాలోని ఫతేహాబాద్ ప్రాంతంలో రెండు బస్సుల్లో 30 మందికి పైగా బలి అయ్యారు. 1991 జూన్ 15న లూధియానా సమీపంలో రెండు రైళ్లలో సుమారు 80 మందిని, ఆ ఏడు డిసెంబరు 26న లూధియానా–ఫిరోజ్‌పూర్ మార్గంలో 49 మందిని చంపారు.

ఈ దాడుల్లో ముఖ్యమైనది వేరు చేయడం. పంజాబులో బస్సు అందరిదీ. రెండు మతాలవారూ ఒకే సీటులో కూర్చొని ప్రయాణించే చోటు. సాయుధుడు లోపలికి ఎక్కి తలపాగాను, గడ్డాన్ని, పేరును ఆనవాళ్లుగా చేసుకొని ఆ సీటును రెండుగా చీల్చాడు. చంపడం ఎంత ముఖ్యమో, కొందరిని చంపకుండా విడిచిపెట్టడం కూడా అంతే ముఖ్యం. బతికి దిగిన సిక్కు ప్రయాణికుడి మీద పడే అనుమానం, రాష్ట్రం వెలుపల సిక్కులపై జరిగే ప్రతీకారం ఈ వ్యూహంలో భాగాలే. ప్రతీకారం జరిగినకొద్దీ వెలుపలి సిక్కులు పంజాబుకు, పంజాబులోని హిందువులు వెలుపలికి తరలుతారని, సరిహద్దు దానంతట అదే గీసుకుంటుందని వారి అంచనా. 1986లో గురుదాస్‌పూర్, అమృత్‌సర్ జిల్లాల నుంచి కొన్ని హిందూ కుటుంబాలు వలస వెళ్లినప్పుడు ఆ అంచనా నిజమవుతున్నట్టే కనిపించింది.

ప్రతీకారం కూడా అంగడినే వెతుక్కుంది. 1984 ఫిబ్రవరిలో హర్యానాలోని పానిపట్టు మొదలైన పట్టణాల్లో సిక్కుల మీద, వారి ఆస్తుల మీద దాడులు జరిగాయి. ఆ ఏడు నవంబరు మొదటి రోజుల్లో ఢిల్లీలో సిక్కుల ఇళ్లనూ దుకాణాలనూ ఏరి తగలబెట్టారు. గుంపుల చేతుల్లో ఓటర్ల జాబితాలు, రేషను జాబితాలు ఉన్నాయని పౌరహక్కుల సంఘాలు ఆ నెలలోనే వెలువరించిన నివేదిక చెప్పింది. ఢిల్లీలో మరణించిన సిక్కుల అధికారిక సంఖ్య 2,733. అప్పటి కేంద్ర హోం మంత్రి తెలుగువాడైన పి.వి. నరసింహారావు. ఆ మూడు రోజుల వైఫల్యం గురించి ఆయన మీద వచ్చిన విమర్శ చివరివరకు ఆయనను వదలలేదు. 1991 తరువాత ప్రధానమంత్రిగా పంజాబు ఎన్నికలను ఆయన ప్రభుత్వమే నిర్వహించవలసి రావడం చరిత్రలోని విచిత్రాల్లో ఒకటి.

విడదీయాలన్న లక్ష్యం నెరవేరలేదు. ఇన్ని ఊచకోతల తరువాత కూడా పంజాబు పల్లెల్లో, పట్టణాల్లో ఇరుగుపొరుగు మధ్య మతకలహాలు చెలరేగలేదు. చంపింది సాయుధులు, ప్రతీకారం జరిగింది రాష్ట్రం వెలుపల. పంజాబు వీధిలో మాత్రం పొరుగువాడు పొరుగువాడి మీద కత్తి ఎత్తిన ఘటనలు చాలా అరుదు. పైన చెప్పిన ఖత్రీ, అరోరా కుటుంబాల బంధుత్వాలూ మండీలోని పరస్పరాధారమూ ఇందుకు తోడ్పడ్డాయని భావించవచ్చు.

నియమావళి: పాలించే హింస

1986 ఏప్రిల్ 29న స్వర్ణ దేవాలయ ప్రాంగణం నుంచి అయిదుగురు సభ్యుల పంథిక్ కమిటీ ఖలిస్తాన్‌ను ప్రకటించింది. ప్రకటించిన రాజ్యానికి భూమి లేదు, ఖజానా లేదు, కచేరీ లేదు. అది ఉన్నదని రుజువు చేయడానికి ఒకే మార్గం మిగిలింది: దాని ఆజ్ఞ చెల్లుబాటు కావడం. ఆజ్ఞ చెల్లిందో లేదో అందరికీ ఒకేసారి కనిపించే చోటు అంగడి. తలుపు వేసి ఉందా, తెరిచి ఉందా అన్నది దారిన పోయే ప్రతివాడూ చదవగలిగిన సమాచారం.

1987 నుంచి వచ్చిన ‘సంఘ సంస్కరణ’ నియమావళిని ఈ కోణంలో చూడవలసి ఉంటుంది. మద్యం, మాంసం, పొగాకు అమ్మరాదు. క్షౌరశాలల్లో సిక్కుల జుట్టు కత్తిరించరాదు, గడ్డం గీయరాదు. పెళ్లిలో వరుని వెంట పదకొండు మందికి మించి రారాదు. కట్నం ఇవ్వరాదు, పుచ్చుకోరాదు. భాంగ్రా ఆడరాదు. మద్యం దుకాణాలను తగలబెట్టడం, మాంసం కొట్లవారినీ పాన్ బీడీ అమ్మేవారినీ క్షురకులనూ బెదిరించడం, వినకపోతే కాల్చడం ఈ నియమావళి అమలులో భాగాలు.

పంజాబులో మద్యం దుకాణాన్ని ‘ఠేకా’ అంటారు. ఏటా ప్రభుత్వ వేలంలో దక్కించుకునే హక్కు అది. రాష్ట్ర ఆదాయంలో ఎక్సైజు వాటా పెద్దది. కనుక ఠేకా తగలబడితే ఒకే దెబ్బకు రెండు పనులు జరిగేవి: మతాచారం నిలబెట్టినట్టూ ఉండేది, ప్రభుత్వ ఖజానాకు గండి పెట్టినట్టూ ఉండేది. మొదట్లో ఈ నిషేధాలకు పల్లె స్త్రీలలో ఆదరణ లభించిందని ఆనాటి పరిశీలకులు చాలామంది రాశారు. తాగి వచ్చే భర్త, కట్నం కోసం తాకట్టు పడే పొలం, పరువు కోసం చేసే పెళ్లి ఖర్చు పంజాబు రైతు ఇంటిని ఎంత పీడించాయో తెలిస్తే ఆ ఆదరణ ఆశ్చర్యం కలిగించదు. ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో కొద్ది కాలం తరువాత జరిగినది గుర్తుకు రాక తప్పదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమంలో స్త్రీలే దుకాణాలు మూయించారు, సారా వేలం పాటలను అడ్డుకున్నారు; 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది. రెండు చోట్లా మూతపడినది మద్యం దుకాణమే. నెల్లూరులో ఆ దుకాణం ముందు నిలబడిన స్త్రీ తాను ఎందుకు నిలబడిందో చెప్పగలిగింది, వాదించగలిగింది, ఇష్టమైతే వెనక్కి రాగలిగింది. పంజాబులో ఆమె ఆదరణను ఎవరూ అడగలేదు. తరువాత ఆమె అయిష్టాన్నీ అడగలేదు.

అయిష్టం త్వరలోనే వచ్చింది. పెళ్లి పంజాబు పల్లెకు ఒక పెద్ద పండుగ. పదకొండు మందితో, పాట లేకుండా, ఆట లేకుండా జరిగే పెళ్లి కొందరికి పొదుపు అనిపించినా చాలామందికి చావింటి వాతావరణంగా తోచింది. బడికి వెళ్లే బాలికలు సల్వార్ కమీజ్‌తో కాషాయ దుపట్టా వేసుకోవాలన్న ఆజ్ఞ వచ్చినప్పుడు ఆ వర్ణపు బట్ట కొనే ఖర్చూ, కొనకపోతే వచ్చే భయమూ సిక్కు తండ్రుల మీదే పడ్డాయి. క్షౌరశాలలో గడ్డం గీయించుకునేది ఎవరు? కేశధారి కుటుంబాల్లో పుట్టిన యువకులే. నియమావళి అంటే తిరుగుబాటు తన సొంత జనం వైపు తిరగడం.

అంగడిని రుజువుగా వాడుకోవడం పంజాబులోనే పుట్టిన పద్ధతి కాదు. అల్జీరియా స్వాతంత్ర్య పోరాటంలో జాతీయ విమోచన కూటమి 1955 ప్రాంతంలో ముస్లింలకు పొగాకునూ మద్యాన్నీ నిషేధించి, ఉల్లంఘించిన వారికి క్రూరమైన శిక్షలు విధించింది. పొగాకు మానడం ఫ్రెంచి సరుకును బహిష్కరించడమూ అయింది, కూటమి మాట వినడమూ అయింది. 1957 జనవరి 28న అదే కూటమి ఎనిమిది రోజుల సమ్మెకు పిలుపునిచ్చినప్పుడు అల్జీర్స్‌లోని ముస్లిం దుకాణాలు మూతపడ్డాయి. జనరల్ మస్యూ సైనికులు ఇనుప షట్టర్లను వాహనాలతో పెకలించి దుకాణాలు ‘తెరిపించారు’. తిరుగుబాటు మూయిస్తే ప్రభుత్వం తెరిపిస్తుంది. నడుమ నలిగేది దుకాణదారు. పంజాబులోనూ ఒకవైపు మిలిటెంట్ల బంద్ పిలుపు, మరోవైపు ప్రభుత్వ కర్ఫ్యూ వంతులవారీగా బజారును మూయించాయి. సాయంత్రం పొద్దు గూకేసరికి సరిహద్దు జిల్లాల్లో బస్సులు ఆగిపోయేవి, షట్టర్లు దిగిపోయేవి. ఆ మూతకు ఆజ్ఞ కూడా అవసరం లేకపోయింది.

పత్రిక అమ్మే మనిషి

అంగడి సరుకుల్లో పత్రిక ఒకటి. లాలా జగత్ నారాయణ్ స్థాపించిన సంస్థ ఉర్దూలో ‘హింద్ సమాచార్’, హిందీలో ‘పంజాబ్ కేసరి’, పంజాబీలో ‘జగ్ బాణీ’ ప్రచురించేది. ఆయన తరువాత సంపాదకత్వం వహించిన కుమారుడు రమేశ్ చందర్‌ను 1984 మే 12న జలంధర్‌లో కాల్చి చంపారు. సంపాదకుల హత్యలు దేశమంతటా వార్త అయ్యాయి. ఆ సంస్థకు చెందిన విలేఖరులు, ఉపసంపాదకులు, ఏజెంట్లు, పత్రికలు పంచే కుర్రాళ్లు కలిసి 60 మందికి పైగా హతులయ్యారన్నది అంతగా తెలియదు. పత్రికలో రాసే వాక్యానికి ఏజెంటుకు బాధ్యత లేదు. తెల్లవారుజామున బస్టాండులో కట్ట విప్పి సైకిలు మీద సర్దుకునే మనిషి ఆ వాక్యాన్ని చదివి ఉండడు కూడా. కానీ చేతికి చిక్కేది అతడే. జలంధర్‌లోని కార్యాలయానికి కాపలా పెట్టవచ్చు, ప్రతి కూడలికీ పెట్టలేరు. ఆ పత్రికల శైలి మీద, అవి హిందీ–పంజాబీ వివాదంలో తీసుకున్న వైఖరి మీద తీవ్రమైన విమర్శలు ఉన్నాయి. ఆ విమర్శల్లో కొన్ని న్యాయమైనవే. అవేవీ సైకిలు మీది మనిషికి చెందవు.

1990 డిసెంబరు నాటికి ఆజ్ఞ మాటల మీదికి వచ్చింది. డాక్టర్ సోహన్ సింగ్ నాయకత్వంలోని పంథిక్ కమిటీ పత్రికలకూ రేడియోకూ నియమావళి జారీ చేసింది. సాయుధులను ‘ఉగ్రవాదులు’ అనరాదు. పంజాబీలో పోరాటశీలి అనే అర్థం గల ‘ఖాడ్కూ’ అనాలి. ప్రసారాలు పంజాబీలోనే సాగాలి. డిసెంబరు 6న చండీగఢ్ ఆకాశవాణి కేంద్ర డైరెక్టరు ఆర్.కె. తాలిబ్‌ను హత్య చేశారు. ఆ తరువాత పత్రికలు చాలావరకు ఆ పదాన్ని వాడాయి. పదం మారింది సంపాదకుడి విశ్వాసం మారినందువల్ల కాదు. భాషాశాస్త్రం పదాల అర్థపరిణామానికి కారణాలను వర్గీకరిస్తుంది. తుపాకి ఆ జాబితాలో సాధారణంగా ఉండదు. పంజాబీ భాషకు ప్రభుత్వ కార్యాలయాల్లో స్థానం కావాలన్న కోరిక దశాబ్దాల నాటిది, సమంజసమైనది. దానిని హత్యతో ముడిపెట్టడం వల్ల ఆ కోరిక ఎంత నష్టపోయిందన్నది భాషాభిమానులు ఆలోచించవలసిన సంగతి.

పంజాబీ సాహిత్యం ఈ ఆజ్ఞను ప్రశ్నించి మూల్యం చెల్లించింది. నక్సలైటు ఉద్యమ ప్రభావంతో రాయడం మొదలుపెట్టి, 1970లో తొలి సంపుటి ‘లోహ కథా’ వెలువరించిన కవి పాశ్, అమెరికా వెళ్లిన తరువాత ‘ఆంటీ–47’ అనే పత్రిక ద్వారా ఖలిస్తాన్ వాదాన్ని ఎదిరించాడు. 1988 మార్చి 23న, భగత్ సింగ్ ఉరికంబమెక్కిన తేదీనే, సొంత ఊరు తల్వండీ సలేంలో అతడినీ అతడి మిత్రుడినీ కాల్చి చంపారు. పాశ్ సిక్కు రైతు కుటుంబంలో పుట్టినవాడు, ప్రభుత్వ జైలులో గడిపినవాడు. బస్సులో వేరు చేసే ఆనవాళ్లతో చూస్తే అతడు ‘వారివాడే’. నియమావళి లెక్కలో కాదు.

లెటర్‌ప్యాడ్ కాలం

1988 మే నెలలో స్వర్ణ దేవాలయం వద్ద జరిగిన రెండో ‘బ్లాక్ థండర్’ చర్య తరువాత తిరుగుబాటు కేంద్రం చెదిరి పల్లెల్లోకి పాకింది. ఖలిస్తాన్ కమాండో ఫోర్స్, బబ్బర్ ఖాల్సా, ఖలిస్తాన్ లిబరేషన్ ఫోర్స్, భింద్రన్‌వాలే టైగర్ ఫోర్స్ వంటి సంస్థలు, వాటి చీలికలు ఎవరి లెటర్‌ప్యాడ్‌పై వారు ఉత్తరాలు రాసి వ్యాపారులనూ వైద్యులనూ ఇటుక బట్టీల యజమానులనూ డబ్బు అడిగాయి. లెటర్‌ప్యాడ్ అచ్చు వేయించడానికి ఎంతో ఖర్చు కాదు. మామూలు దొంగలూ అచ్చు వేయించారు. వచ్చిన ఉత్తరం ఉద్యమం రాసినదో, పక్కవీధి వాడు రాసినదో దుకాణదారు తేల్చుకోలేడు, తేల్చుకొనే సాహసమూ చేయడు. అంగడి మీద చెల్లిన ఆజ్ఞ ఎంత విజయవంతమైందంటే దానిని ఎవరైనా అనుకరించగలిగారు. ఆ విజయమే దాని నైతిక బలాన్ని హరించింది.

హరీశ్ పురి, పరమ్‌జిత్ సింగ్ జడ్జ్, జగరూప్ సింగ్ సేఖోన్ అనే ముగ్గురు పరిశోధకులు అమృత్‌సర్, గురుదాస్‌పూర్ జిల్లాల పల్లెల్లో తిరిగి 1999లో ప్రచురించిన అధ్యయనం ఈ దశను అర్థం చేసుకోవడానికి ముఖ్యమైన ఆధారం. సాయుధుల్లో చాలామంది చిన్న రైతు కుటుంబాల యువకులు. సిద్ధాంతం కోసమో పంతం కోసమో చేరినవారి కంటే సాహసం, సరదా, ఆయుధం ఇచ్చే హోదా కోసం చేరినవారు గణనీయంగా ఉన్నారని వారు చూపారు. రాత్రి పూట ఇంటి తలుపు తట్టి అన్నం పెట్టమన్న సాయుధుడికి అన్నం పెట్టిన రైతును తెల్లవారాక పోలీసులు పట్టుకెళ్లేవారు. కుక్క మొరిగితే తమ రాక బయటపడుతుందని కుక్కలను చంపమని ఊళ్లకు ఆజ్ఞలు వచ్చాయి. వర్యామ్ సింగ్ సంధూ పంజాబీ కథ ఒకటి ఈ కుక్క చుట్టూనే తిరుగుతుంది. గుర్విందర్ సింగ్ 2015లో తీసిన ‘చౌథీ కూట్’ చిత్రానికి సంధూ కథలు రెండు ఆధారం. పొలంలోని ఇంట్లో ఉండే రైతు కుటుంబం తన కుక్కను మొరగకుండా చేయలేక, చంపుకోనూ లేక పడే యాతనను ఆ కథ చెబుతుంది. చరిత్ర గ్రంథాల్లో పట్టికగా మిగిలిన కాలాన్ని ఒక కుక్క అరుపుతో వినిపించిన రచన అది.

బజారు మీద ఊచకోతలు ఈ దశలోనూ ఆగలేదు. 1990 మార్చి 7న అబోహర్ బజారులో సాయుధులు జరిపిన కాల్పుల్లో 22 మంది మరణించారు. ఏప్రిల్ 3న బటాలాలో రామనవమి ఊరేగింపులో బాంబు పేలి 30 మందికి పైగా చనిపోయారు. ఇవి తేదీతో, ఊరి పేరుతో చరిత్రలో నిలిచాయి. ఒక సాయంత్రం ఒక్క దుకాణం ముందు ఒక్క మనిషి చనిపోయిన ఘటనలకు ఆ స్థానం దక్కలేదు. పోలీసు గణాంకాల ప్రకారం ఆ సంవత్సరాల్లో సాయుధుల చేతుల్లో మరణించిన పౌరులు సుమారు 11,700 మంది. వారిలో 60 శాతానికి పైగా సిక్కులు. పేరున్న ఊచకోతల్లో మరణించిన వారంతా కలిసి కొన్ని వందలకు మించరు. మిగిలిన వేలమంది ఒక్కొక్కరుగా, ఇద్దరిద్దరుగా చనిపోయినవారు: సర్పంచి, ఇన్‌ఫార్మరన్న అనుమానం పడిన రైతు, డబ్బు ఇవ్వలేని వ్యాపారి, పోలీసు కుటుంబ సభ్యుడు, ఠేకా మీద కూర్చున్న నౌకరు. ఊచకోతల చరిత్ర చదివితే బాధితుడు హిందువుగా కనిపిస్తాడు. మొత్తం లెక్క చదివితే ఎక్కువగా సిక్కు. రెండూ నిజాలే. మొదటిది మాత్రమే చెప్పడం వల్ల రాష్ట్రం వెలుపల సిక్కుల మీద పడిన నింద ఎంతో అన్యాయమైనది.

1991 జూన్ ఎన్నికల ప్రచారంలో 20 మందికి పైగా అభ్యర్థులు హతులయ్యారు; పోలింగుకు ముందురోజు ఆ ఎన్నికలు వాయిదా పడ్డాయి. 1992 ఫిబ్రవరిలో జరిగినప్పుడు ప్రధాన అకాలీ వర్గాలు బహిష్కరించాయి, నాలుగో వంతు ఓటర్లు కూడా రాలేదు. బియంత్ సింగ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాది సెప్టెంబరు పురపాలక ఎన్నికల్లో, 1993 జనవరి పంచాయతీ ఎన్నికల్లో మాత్రం జనం బారులు తీరారు. ఏడాది లోపల ఇంత మార్పు పోలీసు చర్యల వల్లనే వచ్చిందని ఒక వాదం. అణచివేత తీవ్రతను ఎవరూ కాదనలేరు. కానీ సాయుధులకు అన్నం పెట్టే ఇల్లు, దాచే గడ్డివాము అంతకు ముందే తగ్గిపోకపోతే ఆ చర్యలు అంత త్వరగా ఫలించేవి కావు. ఆ తలుపులు మూసుకోవడానికి నియమావళి, లెటర్‌ప్యాడ్ చేసిన పని తక్కువది కాదు.

ఆ అణచివేతలో చనిపోయినవారి లెక్క కూడా ఒక విధమైన చిట్టా పుస్తకం నుంచే బయటపడింది. అమృత్‌సర్‌కు చెందిన బ్యాంకు ఉద్యోగి జస్వంత్ సింగ్ ఖాల్రా మాయమైన తన సహచరుల కోసం వెతుకుతూ శ్మశానవాటికల రికార్డులను తిరగేశారు. గుర్తు తెలియని శవాలుగా పోలీసులు తెచ్చి దహనం చేయించిన వారి సంఖ్య, వాటికి కొన్న కట్టెల పద్దుల్లో కనిపించింది. 1995 సెప్టెంబరు 6న ఖాల్రాను ఆయన ఇంటి ముందు నుంచి ఎత్తుకెళ్లారు; ఆయన తిరిగి రాలేదు. ఆయనను చంపిన నేరానికి తరువాత పోలీసు అధికారులకు శిక్ష పడింది. సుప్రీం కోర్టు ఆదేశంపై సి.బి.ఐ. జరిపిన దర్యాప్తులో అమృత్‌సర్ జిల్లాలోని దుర్గియానా, పట్టి, తరన్‌తారన్ అనే మూడు శ్మశానవాటికల్లోనే 2,097 అక్రమ దహనాలు తేలాయి. వారిలో 585 మందిని పూర్తిగా, 274 మందిని పాక్షికంగా గుర్తించారు. మిగిలిన 1,238 మందికి ఆ పుస్తకంలో కట్టెల ఖరీదు ఉంది, పేరు లేదు.